నాలుగింటికి పెట్టి ఆరింటికి తీసేసే చెవిమిషన్

చెవిమిషన్ అన్నీ రాసి పెట్టుకుంటదని నాకెవ్వరు చెప్పలే బిడ్డా. ఎప్పుడు చెవుల పెట్టుకున్నరు, ఎప్పుడు తీసిండ్రు, గంటగంటది దాని లోపల ఉంటదట. ముందుగాల తెలిసుంటె ఆ దినం మీ తాత ఎంబడి హనుమకొండ దవాఖానకు నేను పోకనే పోదును.

మొన్న మీ చిన్నది ఫోన్ల అడిగింది, "అమ్మమ్మా, తాత ఇప్పుడు మంచిగ మాట్లాడుతాండు గద, ముందుగాల ఎందుకు మాట్లాడకపోతుండె?" అని. నేను "కూర మాడుతాంది బిడ్డా" అని ఫోన్ పెట్టేసిన. కూరేం మాడలే. పొయ్యే ముట్టియ్యలే. సిగ్గయింది, గంతే. సూరత్‌ల కూసోని మీరు అమ్మమ్మ మంచిది, నిమ్మళంగ మాట్లాడ్తది అనుకుంటాండ్రు. నిమ్మళంగనే మాట్లాడ్త. కని నిమ్మళంగ అన్న మాట గూడ ముల్లోలె గుచ్చుకుంటది. ఆ ముచ్చటే చెప్తాన, ఇనుండ్రి.

మా అమ్మ నాకొకటి నేర్పింది. ఎవలన్న "మంచిగున్నరా" అని అడిగితె "మస్తు మంచిగున్నం" అని ఎన్నడు అనొద్దు. అంటె దిష్టి తగుల్తది. ఏదన్న ఒక వంక చెప్పాలె. పిల్ల తింటాందా అంటె "ఏం తింటదమ్మా, రెండు ముద్దలు" అనాలె. ఇల్లు కట్టిండ్రట గద అంటె "కట్టినం కని అప్పుడే గోడ పగిలింది" అనాలె. పగలకున్నా సరే. మా వాడకట్టుల ఆడోళ్లందరిది ఇదే తీరు. మా అమ్మకు ఆ వంక ఇంటికి కావలి కాసేటిది, గంతవరకే. నాకు ఎన్నడు అలవాటైందో తెలువది. దిష్టికని చెప్పుడు పోయి, నిజంగనే అన్నిట్ల వంక కనబడుడు షురువైంది.

నల్లా నీళ్లు వస్తె సన్నగ వచ్చినయని. అన్నం మెత్తగైందని. మా సందుల రోడ్డు తవ్వి పూడ్వలేదని. మీ అమ్మ ఫోన్ చేస్తె పని యాళ్లకు చేసిందని, చెయ్యకుంటె మర్శిపోయిందని. వాన పడితె బురద, పడకుంటె ఉక్కపోత. మీ అమ్మ ఫోన్ల బొమ్మలు పంపుతుండె, పొద్దుగాల లేశి మంచి మాటలు అనుకోవాలె, పాజిటివ్‌గ ఉండాలె అని, కింద గులాబి పూలు. అవి సూసి "ఇన్ని పంపుతె ఫోన్ నిండుతాంది" అని గులిగిన. గట్లుండె నా సంగతి.

అన్నిట్ల ఎక్కువ గులుగుడు మీ తాత మీదనే.

మీ తాత ముప్పై ఏండ్లు పవర్లూమ్ షెడ్డుల పని చేసిండు. రేకుల షెడ్డు, లోపల వరుసంబడి మగ్గాలు, అన్నీ ఒక్కసారే కొడ్తుంటె గుండెల మీద కొట్టినట్టుంటది. ఆ సప్పుడుకే మీ తాత చెవులు పోయినయ్. ఒక్కదినం పోలే, మెల్లమెల్లగ పోయినయ్. ఆ షెడ్డుల గొంతు పనికిరాదు. అందుకే ఆడ పనిచేసేటోళ్లంత పెదవులు సూసి మాట్లాడుకుంటరు. ఈ కొసకున్నోడు సప్పుడు లేకుంట "చాయ్ తాగుదామా" అని పెదవులు ఆడిస్తె, ఆ కొసకున్నోడు "జర ఆగు" అంటడు. పోగు తెగితె చెయ్యి లేపుతరు, మగ్గం ఆపుతరు. నా పెండ్లైన కొత్తల నేను సద్ది తీస్కపోతె మీ తాత మగ్గాల అవుతల నుంచే "ఏం కూర?" అని పెదవులతోని అడుగుతుండె. నేను "పప్పు" అంటె ముఖం మాడ్చుకునేటోడు. "మల్ల పప్పేనా?" అనేటోడు. పక్క మగ్గమాయన నవ్వేటోడు, ఆయనకు గూడ తెలుస్తది గద.

ఇదంత నాకు ఎరుకే. ఎరుకుండి మర్శిన. చెవులు పోయినయంటె ఇంక మనిషికి ఏం తెలువదు అనుకున్న.

మా ఎదురింట్ల ఒక వదిన ఉన్నది. నా ఈడుదే. దినాం నాలుగింటికి ఆమె ఇంటి అర్గు మీద కూసుంటం. ఆమె కోడలి మీద చెప్తది, నేను మీ తాత మీద చెప్త. ఇద్దరికి పొద్దుపోతది. నేను మా తలుపు దిక్కు ముఖం పెట్టి కూసునేది, ఎవలన్న వస్తె కనబడాలె అని. మీ తాత అప్పుడు మా ఇంటి ముందట కుర్చీ ఏసుకోని కూసుంటుండె. ఆయన ముందటనే అన్నీ అనేదాన్ని. చెవిటాయన, ఏం ఇనబడ్తది అని. కొన్నొద్దులకు ఆయన కుర్చీ తీస్కపోయి ఇంటెనుక ఏసుకున్నడు. దాని మీద గూడ గులిగిన. "సూశినవా వదినా, నలుగుర్ల కూసోడు. మనుషులంటె గిట్టదు."

పోయినేడు మీ అమ్మ చెవిమిషన్ ఇప్పిచ్చింది, మీకెరుకే. పొద్దుగాల లేశినకాడి నుంచి పండుకునేదాక పెట్టుకోవాలె అని దవాఖానల చెప్పిండ్రు. మీ తాత నా ముందట ఒక్కసారి పెట్టుకున్నడు, సాయంత్రానికి తీసి డబ్బల పెట్టిండు. "గుయ్యిమంటాంది" అన్నడు. ఇంక మల్ల నేను సూడలే. మీకు ఫోన్ల చెప్పిన యాదుందా? "మీ అమ్మ అంత ప్రేమతోని కొనిస్తె డబ్బల దాసుకున్నడు మీ తాత, మీతోని మాట్లాడ బుద్ధి లేదు ఆయనకు" అన్న. మీరు ఊ అన్నరు. ఆ మాట మీ నెత్తిల ఎక్కించింది నేనే.

రెండు నెలలకు దవాఖానకు పోయినం. మిషన్ పెట్టే పిల్ల ఒకామె ఉంటది, రఘునాథపల్లి పిల్లట, మస్తు మర్యాద. నేను కుర్చీల కూసునుడుతోనే మొదలువెట్టిన. "పెట్టుకోడు బిడ్డా. ఎంత చెప్పినా ఇనడు. మొండి మనిషి. గోడకు చెప్పినట్టె." పిల్ల తల ఊపుకుంట మిషన్‌కు వైరు తగిలించింది. కంప్యూటర్ల నిలువు గీతలు వచ్చినయ్.

"పెట్టుకుంటాండు గదమ్మా" అన్నది.

"ఎక్కడిది? నేను సూడలే."

"దినాం పెట్టుకుంటాండు. నాలుగింటికి పెట్టి ఆరింటికి తీస్తాండు. ఒక్కదినం గూడ తప్పలే." మీ తాత దిక్కు తిరిగి, మెల్లగ, పెదవులు కనబడేటట్టు అడిగింది. "తాతా, నాలుగింటికి ఏముంటది? సీరియలా?"

మీ తాత నా దిక్కు సూసిండు. మల్ల పిల్ల దిక్కు సూసిండు.

"ఈమె ఎదురింటికి పోతది" అన్నడు.

పిల్ల పరాష్కం అనుకోని నవ్వింది. "మీ ఆయన మస్తు హుషారున్నడమ్మా." మీ తాత నవ్వలే. నేను నవ్వలే. జరసేపటికి పిల్ల గూడ నవ్వుడు ఆపి కంప్యూటర్ దిక్కు తిరిగింది. "ఇగో, ఈ ఒక్కదినం పొద్దటి నుంచి రాత్రి దాక ఉన్నది" అని ఒక పొడుగు గీత సూపిచ్చింది.

అది నేను హసన్‌పర్తిల మా చెల్లెలింటికి పోయిన దినం.

కొంగు తీసి ముఖం తుడుసుకున్న, చెమట లేకున్నా. ఆ పిల్ల ముందట బట్టలు లేకుంట నిలబడ్డట్టయింది. పిల్ల మాత్రం నన్నేం అనలే. మీ తాతతోనే చెప్పింది. "తాతా, చెవికి మాటలు పడకుంటె మెదడు మాటల్ని మర్శిపోతది. ఇప్పటికే కొన్ని పోయినయ్. ఇంకో ఏడాది గిట్లనే ఐతె, మిషన్ పెట్టుకున్నా సప్పుడొస్తది కని మాట తెలువది. నీ మనుమరాండ్లు ఫోన్ల మాట్లాడినా నీకు ఉత్త సప్పుడే. దినాం ఎనిమిది గంటలన్న ఉండాలె. మూడు నెలలకు రాండ్రి. అప్పటికి గూడ గిట్లనే ఉంటె నేను చేసేదేం లేదు."

ఫోన్ల పెదవులు కనబడయి గద. మీ మాట ఆయనకు దక్కాలంటె ఆ మిషనే దిక్కు. ఆ మిషన్ చెవుల ఉండాలంటె నేను ఇంట్ల ఉండొద్దు. గట్ల సమజైంది నాకు.

ఆటోల వస్తుంటె ఎదురుంగ కాలేజి పిల్లలు కూసున్నరు. నలుగుర్ల అడుగ సిగ్గై, సప్పుడు లేకుంట పెదవులు ఆడించిన. ఎన్నేండ్లయిందో గట్ల మాట్లాడక. "నా మాటలు ఇనొద్దనేనా?"

మీ తాత గూడ పెదవులతోనే చెప్పిండు. "మిషనుంటె చెవుల పడ్తది, కండ్ల గూడ పడ్తది. తీసేస్తె కండ్లల్లనే. కండ్లు పక్కకు తిప్పుకోవచ్చు."

అప్పుడు తగిలింది నాకు. అర్గు యాదికొచ్చింది. "ఎదురింట్ల అన్న మాటలు గూడనా?"

"షెడ్డుల ఈ కొస నుంచి ఆ కొస ఎంతుంటది? మీ అర్గు అంత దూరం గూడ లేదు."

ఇంక ఊకోవాలె గద నేను. ఊకోలే. "ఏమేం సూశినవ్?" అని అడిగిన.

మీ తాత నా దిక్కు తిరిగి, నా తీరుగనే పెదవి ఒకపక్కకు వంకర తిప్పి, సప్పుడు లేకుంట అన్నడు. "చెవులు షెడ్డుకిచ్చిండు, ఉత్త ఒళ్లు నాకు తెచ్చిండు."

అది నా మాటే. ఒక్క అక్షరం తప్పలే. నేను ఆ మాట అన్నప్పుడు వదిన కడుపు పట్టుకోని నవ్వింది. ఆమె నవ్విందని నాకు సంబురమైంది. గందుకే మల్ల అన్న. సుట్టాలొస్తె అన్న, పక్కింటోళ్లతోని అన్న. ఆ షెడ్డుల పని చేసుకుంటనే ఆయన మీ అమ్మను సదివిచ్చిండు, నాకు ఇల్లు కట్టిండు. ఆయన కుర్చీ ఇంటెనుకకు ఎందుకు పోయిందో ఆ ఆటోల తెలిసింది. కాలేజి పిల్లలు మమ్మల్ని సూసి, ముసలోళ్లిద్దరు పెదవులు ఆడిస్తాండ్రని నవ్వుకున్నరు. నవ్వనీ అనుకున్న.

ఇంటికి వచ్చినంక అన్న, "పొద్దటి నుంచి పెట్టుకో. నేనేం అన."

"అనకుంట ఉంటవా నువ్వు?"

"ఉంట."

"నువ్వు మొదలువెడితె నేను చెయ్యి లేపుత. పోగు తెగినట్టు. ఆగుతవా?"

ఆగుత అన్న. తెల్లారి చాయ్ తాగెటాళ్లకు మూడుసార్లు చెయ్యి లేపిండు. మొదలు "ఈ చాయ్‌పత్తి" అన్ననో లేదో లేపిండు.

"అరె, నేనేమన్న? చాయ్‌పత్తి అన్న, గంతే గద!"

"తర్వాత ఏమొస్తదో నాకెర్క లేదా?"

"మంచిగుంది అందామనుకున్న."

"మరి అను."

అనలేకపోయిన బిడ్డా. నవ్వుతరేమో మీరు. 'చాయ్ మంచిగుంది' అన్న రెండు మాటలు నోట్లెకు రాలే. దిష్టి తగుల్తదేమో అని గూడ లోపల ఒక భయం. చాయ్‌కు ఎవల దిష్టి తగుల్తది చెప్పుండ్రి.

ఆ దినాలు మస్తు కష్టమైనయ్. గులుగుడు బందు చేస్తె నా దగ్గర ఇంక మాటలే లేవని తెలిసింది. "నీళ్లొచ్చినయ్" అంట. "ఊ" అంటడు. తర్వాత ఏమనాలె? 'సన్నగొచ్చినయ్' అని నాలిక మీదికొస్తది, మింగుత. ఇద్దరం కూసుంటం. ఇన్నేండ్ల నుంచి ఈయనతోని నేను మాట్లాడుతాన అనుకున్న. మాట్లాడలే, మీద పోసిన, గంతే.

ఒక దినం కోపమొచ్చింది. మోకాళ్లు నొస్తుండె, ఏదో అన్న, ఆయన చెయ్యి లేపిండు. "ఏందయ్యా, నొస్తె గూడ అనొద్దా నేను? మనిషిని కానా?" అని ఏడ్సిన. మీ తాత చెయ్యి దించిండు. "మోకాళ్లు నొస్తానయంటె నొస్తానయను. దవాఖానకు పోదాం. నువ్వు గట్ల అనలే. 'ఈ ఇంటికొచ్చి నా మోకాళ్లు పోయినయ్' అన్నవ్."

నిజమే. గట్లనే అన్న. నొప్పి చెప్పుడు వేరే, ఆ నొప్పి తెచ్చి ఒకల నెత్తి మీద పెట్టుడు వేరే. నాకు రెండు ఒక్కతీరుగనే ఉండె.

ఆ దినం ఆయన మిషన్ తీసేశిండు. మల్ల తెల్లారిదాక పెట్టుకోలే. డబ్బ మూత పడ్డ సప్పుడు నేను వంటింట్ల నుంచి ఇన్న.

వదిన తాన ఇంకో తీరు. అర్గు మీద కూసున్న కని నోరు మూసుకున్న.

"ఏం వదినా, కోపమా?" అన్నది.

"కోపం లేదు."

"నల్లా వచ్చిందా?"

"వచ్చింది."

"మంచిగ వచ్చిందా?"

"వచ్చింది వదినా."

ఆమె నా నుదురు మీద చెయ్యి పెట్టి సూసింది, జరమొచ్చిందేమో అని. "నీ ముచ్చట్ల ఉప్పు లేకుంటైంది" అన్నది. "నువ్వు నాలుగంటె నేను నాలుగంటుంటి, సరిపోతుండె. ఇప్పుడు నేనొక్కదాన్నే కోడలి మీద చెప్తాంటె నేనే గయ్యాళినోలె కనబడుతాన."

నవ్వొచ్చింది. సిగ్గు గూడ అయింది. ఆమె నవ్వాలని మీ తాత మీద అన్న మాట తప్పని ఆమెకు చెప్పాలె అనుకున్న. ఇప్పటికి చెప్పలే. దినాం చెప్దామనే పోత. కూసుంట. చెప్పకుంట వస్త. మీకు చెప్పుడు సులువుగుంది, మీరు దూరమున్నరు.

ఒకదినం వదిన ఇంట్ల లేకుంటె నేను గూడ ఇంటెనుకకు పోయి మీ తాత పక్కన పీట ఏసుకోని కూసున్న. ఆయన నన్ను సూసి చెయ్యి మిషన్ మీదికి తీస్కపోయిండు. తీయలే కని, ఏలు దాని మీదనే పెట్టిండు. నేనేం మాట్లాడలే. చానసేపటికి ఏలు తీసిండు.

"ఇను" అన్నడు. గోడ అవుతల పక్కింటి పిల్ల ఎక్కాలు సదువుతాంది. "పదిహేడో ఎక్కం. పదిహేడు ఎనిమిదుల కాడ తప్పుతది సూడు."

ఇన్న. పిల్ల నూట ఇరవై ఆరు అన్నది. మీ తాత మెల్లగ "నూట ముప్పై ఆరు" అన్నడు, గోడకు చెప్పినట్టు. ముఖం ఎలిగిపోతాంది ఆయనది. దినాం నాలుగింటికి మిషన్ పెట్టుకోని ఆయన ఇన్నది ఇది. ఈ సప్పుడు మీదనే కదా బిడ్డా నేను "గోడ పక్కన బడి పెట్టిండ్రు, చెవులు చిల్లులు పడుతానయ్" అని ఏడాది సంది గులిగిన. చెవులు పోయినాయన పక్కన కూసోని.

మూడు నెలలకు మల్ల దవాఖానకు పోయినం. పిల్ల వైరు తగిలించింది. "దినాం ఆరు గంటలున్నది తాతా, మంచిగైంది" అన్నది. "ఇంకో రెండు గంటలు పెరగాలె." ఆ రెండు గంటలు ఎవలవల్ల తక్కువున్నయో ఆమె అడుగలే. చెయ్యి లేపినంక గూడ నేను ఆగని దినాలున్నయ్. అవి గూడ ఆ గీతల్లనే ఉన్నయ్.

అటెనుక, మాటలు ఎంత తెలుస్తానయో సూస్తనన్నది. నోటికి అట్ట అడ్డం పెట్టుకోని ఒక్కొక్క మాట అన్నది, పెదవులు కనబడకుంట. మీ తాత మల్ల అనాలె. కొన్ని సరిగ అన్నడు, కొన్ని తప్పిండు. ఎక్కువ సరిగనే అన్నడు. తర్వాత ఆ అట్ట నా చేతికిచ్చింది. "ఇంట్లోళ్ల గొంతుతోని గూడ సూడాలెనమ్మా. నోటికి అడ్డం పెట్టుకోని మీ ఇష్టమున్నది ఏదన్న అనుండ్రి."

ఏదన్న అంటె ఏమనాలె? అట్ట ఎనుక నోరు పెట్టి నేను గట్లనే ఉన్న. నాకు అలవాటున్న మాటలన్నీ పనికిరానియే. పిల్ల ఎదురుసూస్తాంది. మీ తాత తల జర ఇటు వంచిండు, చెవి నా దిక్కు పెట్టి.

"తప్పైంది నాది" అన్న.

మీ తాత కదలలే.

"తాతా, ఏమన్నది అమ్మ?" అని పిల్ల అడిగింది.

"ఇనబడలే. ఇంకోసారి అనుమను."

అన్న. మల్ల తల అడ్డం ఊపిండు. "ఊహూ."

మూడోసారి గట్టిగ అన్న. "తప్పైంది నాది!" తలుపు అవుతల వరుసల కూసున్నోళ్లు గూడ ఇన్నరేమో.

"తప్పైంది నాది అంటాంది" అన్నడు మీ తాత పిల్లతోని. పిల్ల కాయితం మీద సరైందని గీసుకున్నది.

"మొదటిసారే ఇనబడ్డది" అన్నడు.

పిల్ల పెన్ను ఆపింది. "మరి ఇనబడలేదన్నవు గద తాతా?"

"ఇన బుద్ధైంది."

పిల్ల నా దిక్కు సూసింది, అట్ట ఇయ్యుమని చెయ్యి చాపింది. నేను ఇయ్యలే. జరసేపు ముఖానికి అడ్డం గట్లనే పట్టుకోని కూసున్న.